పదమూడు నెలలు బతికిన తీర్పు

మా లాల్‌దర్వాజా వాళ్ళకి హైకోర్టు అంటే ముందుగా గుర్తొచ్చేది ట్రాఫిక్. షాలిబండ, చార్మినార్, పత్తర్‌గట్టి దాటుకుని మదీనా చౌరస్తాకి వచ్చేసరికి నల్లకోట్లు రోడ్డు దాటుతుంటాయి, ఆటోలు ఆగిపోతాయి. ఎడమ పక్క, మూసీ ఒడ్డున, ఎర్రరాయి గోడలూ గుమ్మటాలూ ఉన్న భవనం. 1908 వరద తర్వాత ఊరిని మళ్ళీ కట్టుకుంటున్న రోజుల్లో ఏడో నిజాం కట్టించాడు. 1920లో ప్రారంభమైంది. కాలేజీకీ ఆ తర్వాత ఆఫీసుకీ ఏళ్ళ తరబడి ఆ దారినే వెళ్ళాను. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆలోచించాల్సి వచ్చింది అమెరికా వల్ల. 2022 జూన్ 24, శుక్రవారం సాయంత్రం. మా టీమ్‌లో కొంతమంది టెక్సాస్‌లో ఉంటారు, మాకు సాయంత్రం అంటే వాళ్ళకి పొద్దున. కాల్ మధ్యలో ఒక సహోద్యోగి, మామూలుగా అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి, "ఇవాళ్టికి నన్ను వదిలేయండి" అని వెళ్ళిపోయింది. ఎందుకో ఎవరూ అడగలేదు. కాల్ అయ్యాక వార్తలు చూస్తే తెలిసింది. గర్భస్రావం స్త్రీ హక్కు అని 1973లో చెప్పిన రో వర్సెస్ వేడ్ తీర్పుని అమెరికా సుప్రీంకోర్టు, డాబ్స్ అనే కేసులో, ఆ ఉదయమే రద్దు చేసింది. 49 ఏళ్ళు నిలబడిన హక్కు ఒక్క పూటలో పోయింది. రో కేసు పుట్టిందే టెక్సాస్‌లో.

నేను లాయర్ని కాను. ఇంజనీరింగ్ చదివి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. ఏదైనా అర్థం కాకపోతే వెతకడం ఒక్కటే తెలుసు. మన తీర్పుల్ని వెతికే సైట్లో 'రో వర్సెస్ వేడ్' అని కొట్టి చూశాను, మన దేశంలో ఎవరైనా దాన్ని వాడుకున్నారా అని. వచ్చినవాటిలో ఒకటి 1983 నాటిది. టి.సరీత వర్సెస్ టి.వెంకటసుబ్బయ్య, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. అంటే, నేను రోజూ తిట్టుకుంటూ దాటే ఆ ట్రాఫిక్ పక్క భవనం. ఇంగ్లీషు రికార్డులో సరీత అని ఉన్నది మనందరికీ తెలిసిన సరితే. 'మరో చరిత్ర' సరిత.

*

కేసు కథ చిన్నదే. 1975 డిసెంబరులో, మద్రాసులో హైస్కూలు చదువుకుంటున్న పదహారేళ్ళ అమ్మాయికి తిరుపతిలో పెళ్ళి జరిగిందని చెప్పారు. దాదాపు వెంటనే ఇద్దరూ విడిపోయారు. 1978లో 'మరో చరిత్ర' వచ్చింది, ఆ అమ్మాయి దక్షిణాది అంతటా పేరున్న నటి అయింది. ఆ తర్వాత భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశాడు. అడిగింది ఒక్కటే, ఆమెని తనతో కాపురానికి పంపమని.

హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 9 ఇందుకోసమే ఉంది. దాని పేరు దాంపత్య హక్కుల పునరుద్ధరణ. భార్యాభర్తల్లో ఒకరు సరైన కారణం లేకుండా రెండోవారి సాంగత్యాన్ని వదిలి వెళ్తే, తిరిగి వచ్చి కలిసి ఉండమని కోర్టు డిక్రీ ఇవ్వచ్చు. పేరు బరువుగా ఉన్నా ఊళ్ళల్లో అందరికీ తెలిసిన వ్యవహారమే. కాపురానికి రమ్మని కేసు వేశాడంటారు.

సరిత తరఫున మొదట లేవనెత్తింది చాలా మామూలు అభ్యంతరం: కడప కోర్టుకి ఈ కేసు వినే పరిధి లేదని. కడపలో అది నెగ్గలేదు. ఆమె హైకోర్టుకి రివిజన్‌కి వచ్చింది. అక్కడ, జస్టిస్ పి.ఏ.చౌదరి ముందు, ఆ సెక్షన్ 9 అసలు రాజ్యాంగబద్ధమేనా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 1983 జూలై 1న ఆయన తీర్పు చెప్పారు. సెక్షన్ 9 చెల్లదు. సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణానికీ, జీవితాన్నీ స్వేచ్ఛనూ కాపాడే 21వ అధికరణానికీ అది విరుద్ధం.

ఒక జిల్లా కోర్టు పరిధి గురించి మొదలైన గొడవ, ఒక స్త్రీ శరీరం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నగా మారింది. ఆ తీర్పుని నేను రెండు రాత్రులు చదివాను. సగం అర్థమైంది. ఆ సగమే నన్ను ఇది రాయమంది.

*

ముందు ఈ సెక్షన్ ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పాలి. మన ధర్మశాస్త్రాల్లో భార్య ఎలా ఉండాలో చెప్పేవి బోలెడు ఉన్నాయి గానీ, 'వెళ్ళు' అని రాజు చేత డిక్రీ ఇప్పించే పద్ధతి మాత్రం ఇంగ్లండు చర్చి కోర్టులది. కంపెనీ వెనకాల, కోర్టుల వెనకాల అది ఇక్కడికి వచ్చింది. 1867లో ఒక ముస్లిం దంపతుల కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇలాంటి దావాలు మన దేశంలో వేసుకోవచ్చని ఒప్పుకుంది.

దాని పదును చూపించింది బొంబాయి రుఖ్మాబాయి కేసు. పదకొండేళ్ళకి పెళ్ళయింది, కాపురానికి వెళ్ళలేదు, చదువుకుంది. 1884లో భర్త దాదాజీ భికాజీ దావా వేశాడు. 1885లో జస్టిస్ పిన్హే, చిన్నప్పుడు ఇష్టం అడక్కుండా పెళ్ళి చేసిన మనిషిని ఇప్పుడు బలవంతాన అప్పగించనని కొట్టేశాడు. అప్పీలులో అది తిరగబడింది. 1887 మార్చిలో కోర్టు చెప్పింది: భర్త దగ్గరికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకి. జైలుకే వెళ్తానంది రుఖ్మాబాయి. చివరికి 1888లో రెండు వేల రూపాయలకి దాదాజీ రాజీ పడ్డాడు. ఆమె లండన్ వెళ్ళి వైద్యం చదివి, తిరిగొచ్చి సూరత్‌లో డాక్టరుగా పని చేసింది.

ఇక్కడో విచిత్రం చూడండి. ఈ డిక్రీని కాదన్నవాళ్ళని జైల్లో పెట్టడం ఇంగ్లండు తన దగ్గర 1884లోనే మానేసింది. తన కాలనీలో మాత్రం 1887లో రుఖ్మాబాయికి జైలు చూపించింది. మన దగ్గర ఆ జైలు శిక్ష 1923లో పోయింది. 1970లో చట్టం చేసి ఇంగ్లండు ఈ దావానే పూర్తిగా తీసేసింది. మనం మాత్రం స్వతంత్రం వచ్చాక, 1955లో, మన చట్టంలో మళ్ళీ రాసుకున్నాం. తెచ్చినవాడు పారేసినా మనం దాచుకున్న సామాను ఇది.

*

ఇప్పుడు అమెరికా. జస్టిస్ చౌదరి అక్కడ్నుంచి ఏం తెచ్చుకున్నారో, ఏం మార్చారో చూస్తేనే ఆయన చేసిన పని తెలుస్తుంది.

అమెరికా రాజ్యాంగంలో 'ప్రైవసీ' అన్న మాట లేదు. మన రాజ్యాంగంలోనూ లేదు. కనెక్టికట్ రాష్ట్రంలో 1879 నాటి ఒక చట్టం ఉండేది, గర్భనిరోధక సాధనాలు వాడటమే నేరం, పెళ్ళయినవాళ్ళకైనా సరే. 1961లో ఎస్టెల్ గ్రిస్‌వోల్డ్, డాక్టర్ బక్స్‌టన్ అనే ఇద్దరు న్యూహేవెన్‌లో ఒక క్లినిక్ తెరిచారు. అరెస్టయ్యారు, చెరో వంద డాలర్ల జరిమానా పడింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1965లో జస్టిస్ డగ్లస్ రాసిన తీర్పు ఆ చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగం పేరు పెట్టి చెప్పిన హక్కుల చుట్టూ ఒక నీడ ఉంటుందనీ, ప్రైవసీ ఆ నీడలో ఉందనీ ఆయన వాదన. దంపతుల పడకగదిలో పోలీసులు ఆనవాళ్ళు వెతుక్కుంటుంటే ఊరుకుంటామా అని అడిగారు.

ఆ హక్కు మొదట దంపతులది, ఒక జంటది. 1972లో ఐజెన్‌స్టాట్ వర్సెస్ బెయర్డ్ కేసులో పెళ్ళికాని వాళ్ళకీ అది వర్తిస్తుందని చెబుతూ జస్టిస్ బ్రెనన్ ఒక అడుగు ముందుకు వేశారు. జంటకి వేరే మనసూ వేరే గుండే ఉండవు, ఉన్నది ఇద్దరు వ్యక్తులు, హక్కు వ్యక్తిది అన్నారు. మరుసటేడు, 1973లో, రో తీర్పు వచ్చింది. గర్భాన్ని ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆ హక్కులోదే అంది.

ఈ మాటలు మన దేశానికి 1975లో గోవింద్ కేసు ద్వారా వచ్చాయి. మధ్యప్రదేశ్ పోలీసులు ఒక మనిషి ఇంటి మీద నిఘా పెట్టడం గురించిన కేసు అది. జస్టిస్ మాథ్యూ గ్రిస్‌వోల్డ్‌నీ రోనీ చర్చించి, మన రాజ్యాంగంలో కూడా గోప్యత హక్కు ఉండచ్చని ఆచితూచి ఒప్పుకున్నారు. జస్టిస్ చౌదరి ఆ సందులోంచి లోపలికి నడిచారు.

కానీ ఆయన చేసింది నకలు కాదు. గ్రిస్‌వోల్డ్ బొమ్మలో తలుపు బయట పోలీసు, తలుపు లోపల భార్యాభర్తలు, ఇద్దరూ ఒకే వైపు. కడప కేసులో తలుపు లోపలే రెండు వైపులున్నాయి. ఒక వైపు ఉన్న భర్త, రెండో వైపు ఉన్న భార్య మీదికి రాజ్యాన్ని తోడు పిలుస్తున్నాడు. జస్టిస్ చౌదరి చూసింది ఇదే. గోప్యత అనేదాన్ని ఎలా నిర్వచించినా అది ముందు శరీరంతో మొదలవ్వాలన్నారు. కాపురం చెయ్యమని డిక్రీ ఇవ్వడమంటే, దగ్గరవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తీసి రాజ్యం చేతిలో పెట్టడమే అన్నారు. బిడ్డని కనాలా, ఎప్పుడు కనాలి, ఎవరితో కనాలి అన్నవి కూడా దాంతోపాటే పోతాయి.

సమానత్వం గురించి ఆయన చెప్పింది నాకు ఇంకా నచ్చింది. సెక్షన్ 9 భార్యకీ భర్తకీ ఇద్దరికీ ఉంది కదా, ఇంకేం అన్యాయం అని ఎవరైనా అడుగుతారు. డిక్రీ వల్ల గర్భం వచ్చేది ఒకరికే. జీవితం తలకిందులయ్యేదీ వాళ్ళకే. సమానం కానివాళ్ళని సమానంగా చూడటం కూడా అసమానతే అన్నది ఆయన తర్కం. మేం ప్రోగ్రాములు రాసేటప్పుడు ఇలాంటిది తరచూ చూస్తాం. అందరికీ ఒకే నిబంధన పెడతాం, దెబ్బ మాత్రం ఒకే రకం మనుషులకి తగులుతుంటుంది.

*

ఈ తీర్పు తొందరగానే ఎదురుదెబ్బ తింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ హైకోర్టులో హర్విందర్ కౌర్ కేసు వచ్చింది. జస్టిస్ రోహత్గీ సరిత తీర్పుని ఒప్పుకోలేదు. పెళ్ళంటే పడక ఒక్కటే కాదు, కలిసి బతకడం, సెక్షన్ అడిగేది దాన్నే అన్నారు. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడం, పింగాణీ సామాన్ల కొట్లోకి ఎద్దుని తోలినట్టు ఉంటుందన్నారు.

1984 ఆగస్టు 8న సుప్రీంకోర్టు సరోజ్‌రాణి కేసులో తేల్చేసింది. ఢిల్లీ చెప్పింది సరైనది, హైదరాబాద్ చెప్పింది తప్పు. జస్టిస్ సబ్యసాచి ముఖర్జీ రాసిన ఆ తీర్పు ప్రకారం, సెక్షన్ 9కి ఒక సామాజిక ప్రయోజనం ఉంది, విరిగిపోబోయే పెళ్ళిని ఆపడానికి అది సాయపడుతుంది. పైగా డిక్రీని కాదంటే ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కుపోరు. ఆస్తి జప్తు చెయ్యచ్చు, అంతే. ఆ రోజుతో సరిత తీర్పు చెల్లకుండా పోయింది. అది బతికింది పదమూడు నెలలు.

సుప్రీంకోర్టు వాదనలో పస లేదని నేననను. సరోజ్‌రాణి కేసులో కాపురం కావాలని మొదట కోర్టుకి వెళ్ళింది భార్యే. భర్త సరేనని డిక్రీకి ఒప్పుకున్నాడు, ఏడాది దాటాక, కలిసి ఉండలేదు కాబట్టి విడాకులివ్వమన్నాడు. సెక్షన్ 9 కింద డిక్రీ వచ్చాక ఏడాది పాటు కాపురం లేకపోతే అది విడాకులకి కారణమవుతుంది, చట్టంలోనే ఉంది. ఇల్లు నిలబెట్టమని ఒకామె వేసిన కేసు, ఇల్లు కూల్చడానికి మెట్టయింది. ఆ కేసుని ముందు పెట్టుకుని చూస్తే, జస్టిస్ చౌదరి గీసిన బలవంతపు పడకగది బొమ్మ కాస్త అతిగా అనిపించి ఉండచ్చు. డిక్రీ వచ్చిన ప్రతి ఇంట్లో జరిగేది అది కాదు.

మరి ఏం జరుగుతుంది? అది నాకు చట్టం పుస్తకాల్లో దొరకలేదు. మా ఇంట్లోనే ఉంది.

*

నాకు పదేళ్ళప్పుడు మా చిన్నమ్మ మా ఇంటికి వచ్చేసింది, చంకలో రెండేళ్ళ పాప. ఎందుకొచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక కూడా నేను అడగలేదు. మనోవర్తి కోసం కేసు వేసింది. అప్పట్లో 125వ సెక్షన్ కింద నెలకి 500 రూపాయలకి మించి వచ్చేది కాదు, ఆ పరిమితిని 2001లో తీసేశారు. ఆ 500 కోసం వేసిన కేసుకి జవాబుగా నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. సరైన కారణం లేకుండా కాపురం వదిలి వెళ్ళింది, పంపించండి అని.

ఇది పాత ఎత్తు. భార్య మనోవర్తి అడిగితే, భర్త సెక్షన్ 9 వేస్తాడు. నేను ఏలుకుంటానంటున్నాను, ఆమే రానంటోంది, ఇంక డబ్బెందుకు అంటాడు. సరైన కారణం లేకుండా భర్తతో ఉండని భార్యకి మనోవర్తి రాదని అదే 125లో ఉండేది. కాబట్టి డిక్రీ చేతికొస్తే అతని పని సులువవుతుంది.

నాకు బాగా గుర్తున్నది కోర్టు కాదు, మా ఇంటి ముందుగది. ఆ కాగితం టీవీ మీద ఉండేది. పోలీసులు రాలేదు, జప్తు చెయ్యడానికి మా చిన్నమ్మకి ఆస్తి లేదు. కానీ ఆ కాగితం వచ్చాక ఇంట్లో మాటలు మారిపోయాయి. అంతకుముందు, "ఎట్లయింది బిడ్డా, ఏమన్నడు?" అని అడిగిన అమ్మమ్మ, కాగితం వచ్చాక, "సర్కారు కూడా పొమ్మంటుంది గద, పోరాదు" అనడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతి చుట్టమూ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఒక నిట్టూర్పు విడిచి అక్కడే పెట్టేవాళ్ళు. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా చూసేవాళ్ళు. ముద్ర ఉంది కదా.

సుప్రీంకోర్టు చెప్పింది నిజమే, ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. అయితే ఆ కాగితం చేసిన పని వేరే. అప్పటిదాకా ఇద్దరి మధ్య ఉన్న తగాదాలో ఆమెని తప్పు చేసిన మనిషిని చేసింది. ఇంట్లోకి రాజ్యాంగం రాకూడదని ఢిల్లీ జడ్జిగారు అన్నారు. బాగానే ఉంది. కానీ డిక్రీ అప్పటికే ఇంట్లోకి వచ్చి టీవీ మీద కూర్చుంది. ఎద్దు ముందే లోపలుంది. రాజ్యాంగాన్ని ఒక్కదాన్నే గుమ్మం బయట నిలబెట్టారు.

మా చిన్నమ్మ వెళ్ళలేదు. కుట్టుమిషన్ పెట్టుకుంది. డిక్రీ వచ్చింది, ఏడాది గడిచాక విడాకులూ వచ్చాయి, 500 రాలేదు.

*

మరి ఓడిపోయిన తీర్పు గురించి ఇంతసేపు మాట్లాడటం దేనికి?

ఆ భవనానికి తిరిగొద్దాం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు అక్కడ మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసు నిఘా విషయంలో, మన రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నప్పుడు, ఆయన ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో ఆ పేరు లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని భిన్నాభిప్రాయం రాశారు. ఓడిపోయిన అభిప్రాయమే అది కూడా. 1983లో అదే భవనంలో జస్టిస్ చౌదరి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 55 ఏళ్ళ తర్వాత సుబ్బారావు గెలిచారు. ఆ తొమ్మిదిమందిలో ఒకరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి, అదే హైకోర్టులో వకీలుగా, జడ్జిగా పని చేసిన జస్టిస్ చలమేశ్వర్. గోప్యతకి మూడు ముఖాలున్నాయని ఆయన విడిగా రాశారు: ప్రశాంతత, ఆశ్రయం, సన్నిహిత నిర్ణయం. ఆ మూడోది చదువుతుంటే నాకు సరిత కేసే కనిపించింది.

అమెరికాలోనూ ఇలా జరిగింది. 1928లో ఓల్మ్‌స్టెడ్ అనే సారా వ్యాపారి ఫోన్లని పోలీసులు దొంగచాటుగా విన్న కేసులో, అది తప్పు కాదని కోర్టు అంది. జస్టిస్ బ్రాండైస్ కాదన్నారు. 39 ఏళ్ళకి, 1967లో కాట్జ్ కేసులో, కోర్టు ఆయన వైపు వచ్చింది.

కాలం గడిచేకొద్దీ హక్కులు పెరుగుతూనే పోతాయని దీన్నిబట్టి అనుకుందామంటే, డాబ్స్ అడ్డం వస్తుంది. అది వెనక్కి నడిచింది. ఆ రోజే జస్టిస్ థామస్ విడిగా రాస్తూ, గ్రిస్‌వోల్డ్‌ని కూడా మళ్ళీ చూడాలన్నారు. ఏ తీర్పుల మీద కాలు మోపి జస్టిస్ చౌదరి నిలబడ్డారో, వాటిలో ఒకటి పోయింది, ఇంకొకటి కదులుతోంది. దాంతో ఆయన చెప్పింది తప్పయిపోతుందా? నాకలా అనిపించదు. అమెరికా నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక నిచ్చెన. నిచ్చెన తీసేసినా, ఎక్కి చూసినవాడు చూసింది ఉంటుంది. అక్కడ వాళ్ళు పడకగదిని పోలీసుల నుంచి కాపాడారు. ఆ గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరిని, రెండోవారు తెచ్చిన డిక్రీ నుంచి ఈయన కాపాడబోయారు.

సెక్షన్ 9 ఇంకా చట్టంలో ఉంది. దాన్ని కొట్టెయ్యమని గుజరాత్ లా విద్యార్థులు వేసిన పిటిషన్‌ని 2019లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. ఈలోగా 2025 జనవరిలో ఒక చిన్న మేలు జరిగింది. భర్త సెక్షన్ 9 డిక్రీ తెచ్చుకున్నంత మాత్రాన, దాన్ని పాటించని భార్యకి మనోవర్తి ఆపెయ్యడానికి వీల్లేదని, కారణాలు చూడాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మా చిన్నమ్మకి పనికొచ్చే తీర్పు పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఆ వార్త వచ్చిన ఆదివారం ఆమె దగ్గరికి వెళ్ళాను. మిషన్ ముందు కూర్చుని బోనాల జాకెట్ల కొలతల పుస్తకం సర్దుతోంది. ముందు కొత్త తీర్పు చెప్పాను, తర్వాత సరిత తీర్పు చెప్పాను. జడ్జిగారు ఏమన్నారో నాకు వచ్చిన తెలుగులో చెప్పాను.

"మరి మనకెవ్వరు చెప్పలేదేంది?" అంది.

అప్పటికే అది కొట్టేశారు చిన్నమ్మా, చెప్పినా లాభం లేకపోవు అన్నాను.

కాసేపు దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. "కేసుల లాభం లేకపోవు, నిజమే" అంది. "కాని ఆ మాట అన్న జడ్జి ఒకడున్నడని తెలిసుంటే, మా అమ్మకు నేను ఇంకో తీరుగ జవాబు చెప్తుంటి."

మా ఇంటి నుంచి హైకోర్టుకి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ మాట ఆ నాలుగు కిలోమీటర్లు రావడానికి టెక్సాస్ మీదుగా తిరిగి, నలభై ఏళ్ళు పట్టింది. 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకి శంకుస్థాపన చేశారు. ఏదో ఒక రోజు నల్లకోట్లన్నీ అటు వెళ్ళిపోతాయి, మదీనా దగ్గర ట్రాఫిక్ తగ్గుతుంది. అప్పుడైనా, ఆ ఎర్రరాయి భవనం పక్కనుంచి వెళ్ళేటప్పుడు, ఇక్కడ ఒకాయన పదమూడు నెలల పాటు మా చిన్నమ్మ వైపు ఉన్నాడని నాకు గుర్తుంటుంది.